ఐదు దగ్గర మొదలయ్యే టేపు

నేను ఒక తెగిన టేపును. జాలి చూపించకండి, నాకు ఒళ్లు మండుతుంది. పుట్టినప్పుడు నా పొడవు ముప్పై మీటర్లు. ఓ రోజు రోడ్డు రోలరు నా కొన మీదుగా వెళ్లి మొదటి ఐదు మీటర్లను నుజ్జునుజ్జు చేసింది. కొత్త టేపు కావాలని మా రోడ్ల ఆఫీసువాళ్లు రెండేళ్లు కాగితాలు పెట్టారు. కాగితాలు వెళ్లాయి, టేపు రాలేదు. ఈలోగా రోడ్డు కూలీ సూరీడమ్మ నుజ్జయిన ముక్కను కత్తిరించి పారేసి, ఒక పద్ధతి పెట్టింది. ఐదు అంకె దగ్గర పట్టుకోవడం, వచ్చిన కొలతలో ఐదు తీసేయడం. ఆ లెక్కతోనే ఎన్ని కల్వర్టులు కట్టారో! ఒక్కటీ వంకర పోలేదు.

మా ఆఫీసులో ఈ సంగతి తెలియనివాడు కొత్తగా వచ్చిన ఇంజనీరు వంశీధర్ ఒక్కడే.

ఓ ఉదయం నర్సీపట్నం వైపు రోడ్డులో, మలుపు దగ్గర, బడి బస్సుకు పక్కదారిలోంచి స్కూటరు అడ్డొచ్చింది. డ్రైవరు పోలారావు బ్రేకు తొక్కాడు. పిల్లలకేమీ కాలేదు గానీ స్కూటరతని కాలు విరిగింది. అక్కడ వేగం నలభై దాటకూడదు. దాటాడని తేలితే పోలారావు లైసెన్సు పోతుంది, దాంతోపాటు ఇరవై రెండేళ్ల ఉద్యోగమూ పోతుంది.

తారు మీద టైర్ల నల్లచార మిగిలింది. అది ఎంత పొడవుంటే బండి అంత జోరుగా వచ్చినట్టు. కొలిచి పెట్టమని పోలీసులు మా ఆఫీసువాళ్లను పిలిచారు. కానిస్టేబులు నా కొన పట్టుకున్నాడు. వంశీధర్ రెండో చివర చూసి పద్నాలుగు అని రాసుకున్నాడు, ఫోనులో లెక్క కట్టాడు.

"యాభై మీద వచ్చావు," అన్నాడు.

"నలభై దాటనేదు బాబూ! నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు పోలారావు.

"మరి టేపు అబద్ధం చెబుతుందా?"

ఓరి నీ చదువు తగలెయ్య! నేనెప్పుడు చెప్పాను అబద్ధం? నా మొదట్లో ఐదు అని అచ్చుగుద్ది ఉంటే, చూడకుండా సున్నా అనుకున్నది నువ్వు కాదూ?

అటు బళ్లను ఆపుతున్న సూరీడమ్మ ఎర్రజెండాతోనే పరుగెత్తుకొచ్చింది. "బాబూ, ఆ టేపుకి ముందర ఐదు మీటర్లు నేవు. చార తొమ్మిదే."

"నాకు నేర్పొచ్చావా? నీ పని చూసుకో."

ఆమె కదల్లేదు. నా కొన తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. "సదువుకున్నోరు కదా, సదవండి."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిది మీటర్లకు మళ్లీ లెక్క కట్టాడు. నలభై వచ్చింది. పోలారావు రోడ్డు మీదే కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నాకు దక్కిన మర్యాద ఏమిటంటారా? "దరిద్రపు టేపు, అవతల పారేయండి," అన్నాడు వంశీధర్. రెండేళ్లుగా రాని కొత్త టేపు మూడు రోజుల్లో దిగింది. నేను ఆఫీసు వెనక, ఖాళీ తారు డబ్బాల మధ్య పడి ఉన్నాను.

సూరీడమ్మ ఇక్కడే కూర్చుని అన్నం తింటుంది. ఇంజనీరు బాబు ఇప్పుడు కొత్త టేపు లాగేముందు సున్నా ఉందో లేదో వేలితో తడుముకుంటాడని చెప్పి నవ్వుతుంది. తడుముకోనీ. ఆ భయం పెట్టింది నేనే.

రోజూ ఎనిమిదింటికి గోడ అవతల పోలారావు బస్సు వెళ్తుంది. కొలవమని నన్నెవరూ అడగరు. అయినా చెబుతున్నాను, రాసుకోండి. నలభై దాటదు.