అత్త పేరే నా పేరు

జపాన్ వాళ్ళు పేరు చెప్పుకునేటప్పుడు కొంచెం వంగుతారు. ఎంత వంగాలని ధర్మేంద్ర అడిగాడు.

"బెల్లం దిమ్మ ఎత్తడానికి వంగినంత అక్కర్లేదు. చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నంత చాలు," అన్నాను.

అది 2008. అచ్యుతాపురం వైపు ఒక జపాన్ కంపెనీ ఫ్యాక్టరీ కట్టింది. ప్యాకింగుకు మనుషుల్ని తీసుకుంటామని, ఇంటర్వ్యూలో జపాన్ మేనేజరు ఎదుట తమ పేరు ఆ భాషలో చెప్పుకోగలిగిన వాళ్ళను ముందు చూస్తామని ప్రకటన వేశారు. నేను విశాఖ రేవులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ జపాన్ ఇంజనీర్ల పక్కన తిరిగినవాణ్ణి. ఆ కాస్త భాష కోసం ధర్మేంద్రతో పాటు కొందరు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ పోయాక ముందు గది ఖాళీగానే ఉంది. అందులో బల్లలు వేశాను.

మొదటి రోజు మూడే ముక్కలు నేర్పాను. హజిమెమాష్తే, అంటే తొలిసారి కలుస్తున్నాం. వతాషి వ ఫలానా దెస్, అంటే నేను ఫలానా అండీ. చివర యోరోషికు ఒనెగాయిషిమాస్, మీ దయ ఉంచండి.

ధర్మేంద్ర లేచి, "వతాషి వ ధర్మేంద్ర సాన్ దెస్," అన్నాడు.

"సాన్ అంటే మన గారు. తన పేరుకు తనే గారు తగిలించుకోకూడదు."

"అయితే మా వార్డు కౌన్సిలరుకి జపాన్‌లో బతుకు లేదన్నమాటండి!"

తర్వాతి వంతు నూకరత్నానిది. తుమ్మపాల నుంచి వచ్చేది. ఇంటర్ పాసైంది. భర్త అప్పలరాజు లారీ నడిపేవాడు. ప్రమాదంలో కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. ఈ ఉద్యోగం ఆమెకు రావాలి.

ఆమె చక్కగా వంగింది. హజిమెమాష్తే తేలిగ్గా పలికింది. "వతాషి వ..." అని ఆగి, వీధి అరుగు వైపు చూసి, "చిన్నమ్మి దెస్," అంది.

"సర్టిఫికెట్లో నూకరత్నం అని కదమ్మా ఉంది?"

"ఉందండి. మాయత్త పేరూ అదేనండి."

అత్త అరుగు మీదే ఉంది. బెల్లం మార్కెట్లో పని ముగించుకుని వచ్చి, కోడలితో కలిసి ఆటో ఎక్కడానికి రోజూ అక్కడ కూర్చునేది. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో, కోడలు ఆ ఇంట అడుగుపెట్టిన రోజే పెద్దలు ఆమెకు చిన్నమ్మి అని పేరు మార్చారు. కోడల్ని ఆ పేరుతో కేకేస్తే అత్తను కేకేసినట్టు, తిడితే అత్తను తిట్టినట్టు. ఇక కోడలే ఆ పేరు నోటితో అనడమన్నది లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె తన పేరు రాసిందే గాని పలకలేదు.

"పోనీ, ఇంటిపేరు చెప్పు. జపాన్ వాళ్ళు ఎక్కువగా అదే వాడతారు," అన్నాను.

"అదీ అత్తదే గదండీ మాస్టారూ!" అన్నాడు ధర్మేంద్ర. పక్క బల్ల దగ్గరున్న శాంతికుమారి నవ్వు ఆపుకోలేకపోయింది. నూకరత్నమూ నవ్వింది, కానీ పేరు మాత్రం చెప్పలేదు.

"ఇంటర్వ్యూలో మీ అత్తగారు ఉండరు కదమ్మా?"

"నేకపోయినా నోరు రాదండి."

నాలుగు రోజులు పోయాక, వెళ్ళేటప్పుడు అత్త నన్ను ఆపింది. "ఏటి బాబూ, మా సిన్నమ్మి అందరికన్నా ముందే కూకుండిపోతంది? సదువు రావట్లేదా?"

"చదువు వస్తోందమ్మా. పేరు దగ్గర ఆగుతోంది."

మర్నాటి నుంచి కోడలి వంతు రాగానే ఆమె అరుగు దిగి, బకెట్టు పెట్టి కుళాయి తిప్పేది. ఆ కుళాయి వీధి వైపే ఉండాలని ఒకప్పుడు మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది. నీళ్ళ చప్పుడు గదిలోకి వచ్చేది. ఆ చప్పుడు చాటున కోడలు పేరు పలికేది, పక్కనున్న శాంతికుమారికి కూడా వినపడనంత మెల్లగా. నిండిన బకెట్టు మొక్కలకు పోసి అత్త మళ్ళీ పెట్టేది. ఆ నెల మా మొక్కలు బాగుపడ్డాయి.

ఇంటర్వ్యూ ముందు రోజు ధర్మేంద్ర మేనేజరు వేషం కట్టి కుర్చీలో కూర్చున్నాడు. నూకరత్నం వంగింది. "వతాషి వ నూక..." అంటుండగా కుళాయి గుటగుటమని ఆగిపోయింది. మున్సిపాలిటీ నీళ్ళు ఆపే వేళ. ఆమె గొంతూ ఆగింది.

"ఆగిపోయేవేటే?" బయటి నుంచి అత్త.

"ఏటీ నేదత్తా."

"నీళ్ళు ఆగితే నువ్వెందుకాగిపోడం? సెప్పు."

"నువ్వున్నావు గదా."

"ఉన్నాను. రేపు ఆ జపాను బాబు కాడ నీకు కుళాయి ఎవులు ఇప్పుతారే?"

అత్త బకెట్టు వదిలేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మార్కెట్ల నన్ను ఒసే అన్నోళ్ళే గానీ, మాయమ్మ ఎట్టిన పేరు ఇలాగ ఒంగి నిలబడి ఎవులూ సెప్పలేదు. నాను వినాల. గట్టిగా సెప్పు."

నూకరత్నం అత్త ముఖం చూడలేదు. ధర్మేంద్ర కుర్చీ కాళ్ళు చూస్తూ చెప్పింది. మొదటిసారి అతనికే వినపడింది. రెండోసారి గది అవతలి దాకా వినపడింది.

"వతాషి వ నూకరత్నం దెస్."

అత్త నా వైపు తిరిగింది. "ఆకర్న ఆ దెస్ ఏటి బాబూ?"

"మన అండీ లాంటిదమ్మా."

"అండీ ఉందా? మరైతే పర్నేదు," అని ఆటో కోసం వీధిలోకి నడిచింది.

ఉద్యోగం నూకరత్నానికి వచ్చింది. ధర్మేంద్రకూ వచ్చింది. అక్కడా పేరుకు సాన్ తగిలించాడని, మేనేజరు నవ్వి ఊరుకున్నాడని శాంతికుమారి చెప్పింది.

మొదటి రోజు పొద్దున్న నేను పాలకని మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళేసరికి కంపెనీ బస్సు ఆగి ఉంది. మార్కెట్‌కు వెళ్ళవలసిన అత్త, కోడలి క్యారేజీ పట్టుకుని బస్సు పక్కన నిలబడింది. మెట్టు మీద నిలబడిన కుర్రాడు హాజరు పిలుస్తున్నాడు.

"నూకరత్నం!"

"ఆఁ," అంది అత్త. క్యారేజీ కోడలి చేతికిచ్చింది. కోడలు బస్సెక్కింది.