సులువుగా రాసే మనిషి

“కోర్టువాళ్లు పెద్ద ముక్కలు పంపిస్తారు, నువ్వు చిన్న ముక్కలు చేస్తావు. ఆఫీసులోనూ నీది ఇదే పనిగా!” అన్నాడు మా ఆయన గింటారస్, ఆదివారం అట్లకి నేను బంగాళాదుంపలు తురుముతుంటే. తన మాటకి తనే నవ్వుకుని, పళ్లెంలో వేగి ఉన్న అట్టొకటి తీసుకుని వెళ్లిపోయాడు. ఒళ్లు మండిపోయింది. ఇంకా రెండు కిలోలు తురమాలి. అవతల అరవై నాలుగు పేజీల తీర్పు నాకోసం కూర్చునుంది.

విల్నియస్‌లో పనివాళ్ల హక్కుల కోసం నడిచే ఒక చిన్న సంస్థలో పదకొండేళ్లుగా లాయర్ని. లక్సెంబర్గ్‌లో ఉన్న యూరప్ కోర్టు ఆడా మగా తేడాల మీదా, వయసు తేడాల మీదా ఇచ్చే తీర్పుల్ని ఒక్కో పేజీలోకి తెచ్చి, దుకాణంలో నిలబడే అమ్మాయికి కూడా అర్థమయ్యేలా రాయాలి. ఆ తీర్పుల్లో ఒక్కో వాక్యం అరపేజీ. మొదట్లో ఎవరి గురించి చెప్తున్నారో చివరికొచ్చేసరికి ఆ మనిషే కనబడదు. ఆమెని వెతికి పట్టుకుని, ఆమెకేం జరిగింది, కోర్టు ఏమంది, మీకు ఇలా జరిగితే మీరేం చెయ్యొచ్చు, ఇంతే రాస్తాను. ఆ ‘ఇంతే’ రాయడానికి వారం పడుతుంది. చదివినవాళ్లకి మాత్రం పది నిమిషాల్లో రాసిందనిపిస్తుంది. నా దరిద్రమంతా అక్కడే ఉంది.

రాసింది ముందు మా అత్తగారు ఆల్డోనాకి చదువుతాను. ముప్పై ఏళ్లు స్వెటర్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆవిడకి చట్టమంటే గౌరవం లేదు, నేనంటే అంతకన్నా లేదు. అంతకన్నా మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

“రుజువు భారం యజమాని మీదికి మారుతుంది,” అని చదివాను.

“భారమేమిటే, బస్తాలా?”

“కాదత్తయ్యా. అనుమానం వచ్చేలా నాలుగు సంగతులు పనిచేసే మనిషి చూపిస్తే చాలు. తను తేడా చూపించలేదని ఆ తర్వాత యజమానే తేల్చాలి.”

“ఆ ముక్క అలాగే ఏడవొచ్చుగా! ఇంత చదువూ ఎందుకు?”

అలాగే రాశాను.

రెండేళ్లలో అరవై తీర్పులయ్యాయి. పుస్తకం వచ్చింది. అట్ట మీద మాంటాస్ పేరుంది. ముందుమాట రాసిన మా ఆఫీసు కుర్రలాయరు అతను. లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, ‘భాషా సవరణ: యుర్గిత’ అని నేను. మా డైరెక్టరు విటేనిస్‌ని అడిగితే, “చట్టం తెలిసినవాళ్ల పేరుంటే బరువుగా ఉంటుందండీ. మీది సులువు చేసే పని కదా,” అన్నాడు. వసంతకాలంలో సీనియర్ పోస్టు ఖాళీ అయినప్పుడూ అంతే. “లక్సెంబర్గ్ తిరగాలి, మీ పాపకి అయిదేళ్లేగా?” అన్నాడు ఇంటర్వ్యూలో. పోస్టు మాంటాస్‌కి వెళ్లింది. అతనికి ఇంట్లో ఏడాది నిండని కవలలున్నారు. “నన్నెవరూ అడగలేదు మరి,” అని అతనే నవ్వుతూ చెప్పాడు. ఇంటికొచ్చి చెప్పుకుంటే గింటారస్, “ఉచితంగా పంచే పుస్తకం మీద ఎవరి పేరుంటేనేం?” అన్నాడు. గిన్నెలు తోమాను, గట్టిగా చప్పుడయ్యేలా.

పుస్తకం చూసి జనం ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. వాటన్నిటినీ మాంటాస్ నా మీదికి తోశాడు. “ఆడవాళ్లకి ఓపిగ్గా చెప్పడం మీకే వచ్చు,” అన్నాడు. అలా వచ్చిన ఫోనే గెనూటే అనే ఆమెది. పనెవేజిస్ అనే ఊళ్లో రొట్టెల ఫ్యాక్టరీలో పని. కాన్పు సెలవు నుంచి వచ్చేసరికి, తన మేస్త్రీ పని, తనే పని నేర్పిన కుర్రాడికి ఇచ్చేశారట.

“మీ పుస్తకంలో పేజీ చింపి మా యజమాని బల్ల మీద పెట్టానండీ. మూడోరోజు పిలిచి, కూర్చోమన్నాడు. పదహారేళ్లలో నన్ను కూర్చోమనడం అదే మొదలు. చట్టం నాతో మాట్లాడినట్టనిపించింది. రాసినాయనకి నా దండాలు చెప్పండి. మాంటాస్ గారట కదా?”

“రాసింది ఆయన కాదమ్మా,” అన్నాను. “నేను.” ఈ రెండేళ్లలో ఆ మాట బయటివాళ్లెవరితోనూ అనలేదని అప్పుడు తెలిసింది.

“మరి మీ పేరు లేదేమండీ?”

“అది... ఇక్కడి పద్ధతి.”

“మా యజమానీ మొదట అదే అన్నాడండీ,” అంది గెనూటే. వెటకారం లేదు. పాపం, మామూలుగానే అంది.

ఫోను పెట్టేశాక సిగ్గేసింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ దారి చెప్పి, నా వంతు వచ్చేసరికి యజమాని మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆ సాయంత్రం విటేనిస్‌కి ఒక పేజీ రాశాను. నా అనుభవం పదకొండేళ్లు, మాంటాస్‌ది మూడు. నా పాప వయసు అడిగారు, అతని పిల్లల వయసు అడగలేదు. అరవై తీర్పులు రాసింది నేను, పేరు అతనిది. నేను ఆడదాన్ని కావడం ఇందుకు కారణం కాదని పదిహేను రోజుల్లో తేల్చి రాసివ్వండి. లేకపోతే కార్మిక వివాదాల కమిషన్‌కి వెళతాను.

“పనిచేసే చోట పోట్లాటా? నీకేమన్నా పిచ్చా?” అన్నాడు గింటారస్. అత్తగారు మాత్రం మొత్తం చదివించుకుని వింది. “అర్థమైంది. వాడికీ అర్థమవుతుంది. ఆ తర్వాత నిన్ను బతకనివ్వడు,” అంది. వంటింట్లోకి వెళ్లబోతూ ఆగి, “ఆ చివరిదానికి ముందరి వాక్యం పొడుగైంది. విరగ్గొట్టు,” అంది.

విరగ్గొట్టాను. మర్నాడు పదింటికి విటేనిస్ చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. మెడ ఎర్రబడింది.

“ఏమిటిదండీ యుర్గిత గారూ? నాకేమీ అర్థం కావడం లేదు.”

ఆయన కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఏ వాక్యం అర్థం కాలేదో చూపించండి సార్,” అన్నాను, పెన్ను తీసి. “ఇంకా సులువుగా రాసిస్తాను.”