నీళ్ళు మరిగే ముక్క

ఎర్రయ్య ఎద్దుల మెడ మీద కాడి పెట్టి, పలుపులు బిగించి, సామాను వైపు తిరిగాడు. బండి సర్దడంలో అతనికొక పద్ధతి ఉంది. కిరసనాయిలు ఇంజను సరిగ్గా ఇరుసు మీద ఉండాలి. మిషను పెట్టె దాని ముందు, మెత్తగా గడ్డి పరిచి. తెరగుడ్డ చుట్ట ఓ పక్కన. ఫిలిం డబ్బాలు మాత్రం తను కూర్చునే చోటికి దగ్గరగా, తడి గోనె కప్పి. ఆపరేటరు మంగ్లూ వేపపుల్ల నములుతూ చూస్తున్నాడు. ఈ పనిలో చెయ్యి పెడితే ముసలాయనకు నచ్చదని అతనికి తెలుసు.

ఎర్రయ్య సన్నటి మనిషి. చేతులూ కాళ్ళూ ఎండుపుల్లలు. పొట్ట ఒక్కటే ఎడమ పక్కకు ఉబ్బి ఉంటుంది. ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్న చలిజ్వరం అక్కడ గడ్డ కట్టుకుని కూర్చుందని వైద్యులు అన్నారు. బరువెత్తేటప్పుడు ఆ గడ్డ మీద అరచెయ్యి ఆనించుకోవడం అలవాటైపోయింది. ఇవాళ ఆ చెయ్యి తీసేసి, రెండు చేతులతోనూ ఎత్తుతున్నాడు. గొల్లపల్లి నుంచి తట్టలమ్ముకోవడానికి పోతున్న బుధ్రాం ఇందాకే దారిలో ఆగి మంచి కబురు చెప్పాడు. గొల్లపల్లిలో ఉన్న కూతురు సోమమ్మ పోయిన సంతనాడు కన్నదట, మగపిల్లవాడట. బుధ్రాం చూసొచ్చింది పుట్టిన పూట. ఆ తర్వాత ఊళ్ళో లేడు. ఈ సాయంత్రం బండి ఆపి సినిమా వేయాల్సింది గొల్లపల్లిలోనే. అదృష్టం కలిసొచ్చినప్పుడు అన్నీ అలాగే కలిసొస్తాయి.

అది బస్తరు సంస్థానం వారి బండి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కొంటా తాసీలులో సంతలన్నీ తిరిగి జనానికి ఆరోగ్యమూ లోకజ్ఞానమూ చూపించమని పంపారు. ఆ బొమ్మల్లో రాజులూ దేవుళ్ళూ ఉండరు, పాటలుండవు. ఉన్న మనుషులు తమ పని తాము చేసుకుంటుంటే తీసిన బొమ్మలు. వాటికి నోరు కూడా లేదు. మధ్యమధ్య తెల్లటి అక్షరాలు వచ్చిపోతాయి, అవి ఏమిటో ఆ చుట్టుపక్కల చదివినవాడు లేడు. మంగ్లూ జగదల్‌పూర్ దిక్కువాడు, హల్బీ, హిందీ తప్ప రావు. ఎర్రయ్యకు తెలుగు, దోర్లీ, గోండీ, పని జరిగేంత హిందీ వచ్చు. కొలువు బండి తోలడానికే ఇచ్చారు. నోరు ఊరుకోక చెప్పడం మొదలుపెట్టాడు, చివరికి అదే అసలు పనైంది.

సంతలో అతను కనపడగానే జనం మూగేవాళ్ళు. ఇయ్యాల ఏ బొమ్మ చూడాలె ఎర్రన్నా అని అడిగేవాళ్ళు. అతను మొహమాటం లేకుండా చెప్పేవాడు. దోమ బొమ్మ మీద అతనికి సదభిప్రాయం లేదు. ఇంటి దగ్గర గుంటలు పూడ్చమని అందులో ఒక దొర పార పట్టుకుని చూపిస్తాడు. వానాకాలంలో ఈ తాసీలంతా ఒకటే గుంట, పూడ్చేదెవరని ఎర్రయ్య ప్రశ్న. ఆ సేపు చుట్ట తాగి రండని పంపేవాడు. విమానాల బొమ్మ ఒక్కసారికి చాలు. ఉప్పు బొమ్మ మాత్రం పనులు మానుకుని చూడాలి. సముద్రం నీళ్ళు మళ్ళకు పెట్టి ఎండబెడతారు, ఆడవాళ్ళు ఉప్పు గోకి మనిషెత్తు కుప్పలు పోస్తారు. ఇప్పపువ్వూ చింతపండూ మైళ్ళ కొద్దీ మోసుకొచ్చి దోసెడు ఉప్పుకు ఇచ్చిపోయేవాళ్ళకు ఆ కుప్పలు చూపించడమంటే అతనికి మహా సరదా. చూసినవాళ్ళు కొందరు నమ్మలేదు. కొందరికి ఒళ్ళు మండింది. బొమ్మ మంచిదనడానికి అంతకన్నా గుర్తేం కావాలి అనేవాడు.

అన్నిటికన్నా మెచ్చింది పురుడు బొమ్మ. అందులో ఒక మంత్రసాని కుండతో నీళ్ళు పొయ్యి మీద పెడుతుంది. నీళ్ళు మరుగుతుంటే కత్తి తీసి వాటిలో వేస్తుంది. చేతులు కడుక్కుని, గుడ్డతో చేసిన పాపకు బొడ్డు ఎలా కోయాలో చూపిస్తుంది. బొగ్గూ బూడిదా పూయకుండా శుభ్రమైన గుడ్డ కడుతుంది. మంగ్లూ మిషను సరి చూసుకోవడానికి కొంటాలో మొదటిసారి దాన్ని తిప్పినప్పుడు ఎర్రయ్య ఒక్కడే పక్కనున్నాడు. బొమ్మ అయిపోయాక చాలాసేపు లేవలేదు. అతని భార్య వెంకమ్మ కన్నవాళ్ళలో దక్కింది సోమమ్మ ఒక్కతే. సోమమ్మకు పుట్టిన ఇద్దరూ వారం తిరక్కముందే పాలు తాగడం మానేశారు. దవడలు బిగిసి, ఒళ్ళు విల్లులా వంగి పోయారు. గాలి సోకిందన్నారు, కోడిని కోశారు. గాలి కాదని, పనిముట్టు మీదిదో పూసిన బూడిదలోదో మురికే లోపలికి పోయిందని ఆ బొమ్మ చూశాకే అతనికి తెలిసింది. ఏడుపు కూడా ఆ రోజే వచ్చింది.

ఆ దేశంలో పురుటి పని మగవాడు చూడకూడదు, మాట్లాడకూడదు. అందుకని ఎర్రయ్య మగవాళ్ళందరినీ సంత అవతలికి తోలేసి, ఆడవాళ్ళను మాత్రమే తెర ముందు కూర్చోబెట్టేవాడు. తను తెరకు వీపు పెట్టి నిలబడేవాడు. బొమ్మ వంక తిరిగి చూడడు, ఆడవాళ్ళ ముఖాల మీద పడే వెలుగును బట్టి ఏ ముక్క నడుస్తోందో తెలుసుకుని చెప్పేవాడు. చెప్పేది బొమ్మ, ఎర్రయ్య దాని నోరు మాత్రమేనని ఆడవాళ్ళు సరిపెట్టుకున్నారు. మంగ్లూ మిషనులో ఒక భాగమని అతన్ని లెక్కలోంచి తీసేశారు. నీళ్ళు మరిగే ముక్క వచ్చినప్పుడు ఆవిరి తెల్లదనం ముఖాల మీద పరుచుకునేది. అక్కడ ఎర్రయ్య గొంతు పెంచేవాడు. చెయ్యి పెడితే బొబ్బలెక్కేటంత తెర్లాలె అని చెప్పిందే చెప్పి విసిగించేవాడు.

గొల్లపల్లిలో పురుళ్ళు పోసేది ముయె అనే దోర్ల ముసలామె. ఆమె ముందు ఆ మాటెత్తే ధైర్యం ఎర్రయ్యకు లేదు. మగాడి మాట విని నేను బొడ్డు కొయ్యాల్నా అంటుంది, అనడమే కాదు, సోమమ్మ గడప తొక్కనంటుంది. కనుక ఒక్కటే బతిమాలుకున్నాడు, జగర్గుండా సంతకు పోయి ఆ బొమ్మ చూడమని. తీరా ఆ సంతనాటికి అతనికే జ్వరం తిరగబెట్టి కొంటాలో దుప్పటి కింద వణుకుతూ పడి ఉన్నాడు. బండి ఇంకెవరో తోలారు, అతను మళ్ళీ కాడి కట్టింది ఇవాళే. ముయె మాత్రం వచ్చిందని, ముందు వరసలో కూర్చుని రెప్ప వేయకుండా చూసిందని మంగ్లూ తర్వాత చెప్పాడు. ఎర్రయ్య ఆ మాట మీదే బతుకుతున్నాడు.

బండి వాగు దాటి గట్టెక్కింది. పొద్దుటి మంచు ఇంకా వీడలేదు. ఇవాళ పురుడు బొమ్మ ముందు వెయ్యమని, ఊళ్ళో ఆడవాళ్ళందరూ చూడాలని ఎర్రయ్య హుషారుగా చెప్పాడు. మంగ్లూ తన హిందీలో కొంచెం నసిగాడు.

"కాకా, ఆ పానీ ముక్క లేదిప్పుడు. ఫిలిం ఇరుక్కుని కాలింది. కోసి అతికించిన."

"ఎప్పుడు?"

"జగర్గుండాకు ముందే. నువ్వు బుఖార్‌లో ఉంటివి."

ఎర్రయ్య ఎద్దులను అదిలించడం మానేశాడు. అవి వాటంతట అవే నడుస్తున్నాయి. పొయ్యి లేదు, ఆవిరి లేదు. ముయె చూసిన బొమ్మలో మంత్రసాని కత్తి తీసింది, కోసింది, అంతే. ముయె ఇన్నేళ్ళూ అప్పటికప్పుడు చీల్చిన వెదురుబద్దతో కోసేది. ఇప్పుడు బొమ్మలో చూసింది కనుక ఇంట్లో కత్తి అడిగి ఉంటుంది. అల్లుడు కాశయ్య ఇంట్లో ఉన్నది ఒకటే కత్తి, దాంతోనే కోడినీ కోస్తారు, చేపలూ తోముతారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. ఆమె మానాన ఆమెను వదిలేస్తే బద్దతోనే కానిచ్చేది. వెళ్ళి చూడమని ఊదరగొట్టి, ఆ కత్తిని ఆమె చేతిలో పెట్టింది తనే.

పోయిన సంతనాడు పుట్టాడు. ఆ ఇద్దరూ పాలు మానేసింది సరిగ్గా ఇన్ని రోజులకే.

మంగ్లూకు విషయం అర్థం కాలేదు. వేరే ఫిలిం తెప్పిస్తానని, రాయ్‌పూర్‌కు చెప్పానని ఏదో సముదాయించాడు. ఎర్రయ్య వినలేదు. దారిలో ఎదురైన ఇద్దరు ముగ్గురు ఏ బొమ్మలు తెచ్చావని పలకరించారు. జన్మలో మొదటిసారి అతను జవాబు చెప్పకుండా బండి పోనిచ్చాడు. వేగంగా తోలాలనిపించింది, చేరకపోతే బాగుండుననీ అనిపించింది. ఒళ్ళు వెచ్చబడుతున్న సంగతి పట్టించుకునే స్థితిలో లేడు.

గొల్లపల్లి చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఊరి మొదట్లోనే ముయె తన ఇంటి ముందు విస్తళ్ళు కుడుతూ కూర్చుని ఉంది. ఎర్రయ్య బండి దిగాడు, దిగి నిలబడిపోయాడు. మంత్రసానిని మగవాడు అడగకూడని మాట అది. అయినా అడిగాడు.

"అక్కా, పిల్లగాడు పాలు తాగుతున్నడా?"

ముయె తల ఎత్తి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"తాగుడా? తల్లిని పీల్చి పిప్పి చేస్తున్నడు. నీకేందట్ల చెమటలు?"

ఎర్రయ్య అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. బతుకు జీవుడా అనుకున్నాడు. కాసేపటికి, తల వంచుకునే, నీళ్ళ ముక్క తెగిపోయిన సంగతి చెప్పాడు. ముయె విస్తరి పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళు లేని నోటితో ఆమె నవ్వితే చూసేవాళ్ళకూ నవ్వొస్తుంది.

జరిగింది ఆమె చెప్పింది. జగర్గుండాలో బొమ్మ అక్కడికి వచ్చి ఎగిరి దూకగానే, ఇదివరకు వేరే సంతల్లో చూసిన ఆడవాళ్ళందరూ ఒక్కసారి గోల చేశారట. నీళ్ళేవీ, నీళ్ళెవరు తిన్నారని మంగ్లూ మీదికి లేచారట. అతనికి భాష తెలియక మిషను ఆపి బిక్కమొహం వేశాడట. అప్పుడు హుంగే అనే మనిషి లేచి పోయి తెర కింద నిలబడింది.

"నీ లెక్కనే బొమ్మకు ఈపు పెట్టి నిలబడ్డది. నీ లెక్కనే చేతులూపింది. బొబ్బలెక్కేటంత తెర్లాలె అని చెప్పిందే చెప్పి చంపింది. అక్కడ కూసున్నోళ్ళకు అందరికీ నోటికొచ్చు ఆ ముచ్చట."

ఎర్రయ్య మెల్లగా కత్తి గురించి అడిగాడు. ముయె మూతి తిప్పింది. కత్తి ఎవరు పట్టారు, తన బద్ద తనదేనంది. కాకపోతే ఆ బద్దను తెర్లే నీళ్ళలో వేసి తీసింది. బూడిద పూయలేదు. ఎవడో చెప్పాడని కాదు, తను కళ్ళారా చూసింది కాబట్టి.

కాశయ్య ఇంటికి పురిటి మైల ఉంది కనుక ఎర్రయ్య వాకిట్లోనే ఆగాడు. సోమమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని లోపలి గడప దగ్గర కూర్చుంది. తండ్రి ముఖం చూసి, ఏందయ్యా అట్లున్నవు, లోపల కాసింత సేపు పండుకోరాదా అనబోయి, మైల గుర్తొచ్చి ఊరుకుంది. ఎర్రయ్యకు పిల్లవాడి ముఖం సరిగా కనపడలేదు. గుటకల చప్పుడు మాత్రం వాకిట్లోకి వినిపించింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చినా తుడుచుకోవాలనిపించలేదు. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన ఇంట్లోంచి ఆ చప్పుడు వస్తోంది. ఓరయ్యా అని అతను పిలవగానే చప్పుడు ఆగింది, తాత గొంతు విని వీడు తాగడం ఆపాడని సోమమ్మ అంది. ఎర్రయ్య తల ఊపి, మళ్ళీ గుటకలు మొదలయ్యేదాకా చెవొగ్గి కూర్చున్నాడు.

సాయంత్రానికి చలి మొదలైంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా తెరగుడ్డ దగ్గరుండి కట్టించాడు, మడత లేకుండా లాగించాడు. ఇంజను పట్టుకున్నాక లేచి తెర వైపు రెండడుగులు వేశాడు. ముయె అడ్డం వచ్చింది. పోయి బండిలో పండుకో తమ్ముడా, ఇయ్యాల నేను చెప్త అంది. మరో రోజైతే ఎర్రయ్య ఒప్పుకునేవాడు కాదు.

మగవాళ్ళను చెరువు దిక్కుకు పంపేశారు. ఎర్రయ్య తుమ్మచెట్టు కింద విప్పి ఉంచిన బండిలో గడ్డి మీద వాలాడు. కాశయ్య దుప్పటి కప్పి, సోమమ్మ పంపిన అంబలి పక్కన పెట్టి, వేడిగా ఉన్నప్పుడే తాగమని చెప్పి మిగతావాళ్ళ వెంట వెళ్ళాడు. బొమ్మ మొదలైంది. అటు తిరిగి పడుకున్నాడు కాబట్టి అతనికి వెలుగు కనపడలేదు. ముయె గొంతు వినిపిస్తోంది. సగం దోర్లీలో, సగం తెలుగులో చెబుతోంది. బొమ్మ ఎగిరి దూకిన చోట ఎవరూ గోల చేయలేదు. తెర్లాలె అని ముయె అనగానే, బొబ్బలెక్కేటంత అని ఆడవాళ్ళందరూ కలిసి అందుకున్నారు. కత్తి లేకపోతే బద్దయినా సరేనని ముయె తన మాట ఒకటి కలిపింది. అది బొమ్మలో లేదు. చెప్పనీలే అనుకున్నాడు ఎర్రయ్య. బాగానే చెబుతోంది. అతను లేకపోయినా ఆ ముక్క నడిచిపోతుంది.

చలి తగ్గింది. ఒళ్ళు తేలికైంది. గడ్డ మీద ఆనించుకున్న చెయ్యి జారి గడ్డిలో పడింది.

ఉప్పు బొమ్మకు మగవాళ్ళను పిలిచినప్పుడు కాశయ్య మామను లేపడానికి బండి దగ్గరికి వచ్చాడు. రెండుసార్లు పిలిచాడు, భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ముయె వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఊపిరి తగల్లేదు. దుప్పటి మెడ దాకా సరిగ్గా కప్పింది. ఇంత నెమ్మదిగా ఉన్న ముఖాన్ని ఆమె చాలా పురుళ్ళలో చూసింది, కష్టం గడిచాక తల్లులు అలాగే పడుకుంటారు. మంగ్లూ ఇంజను ఆపేశాడు. అప్పుడు ఊళ్ళోంచి పసివాడి ఏడుపు వినపడింది. అది మంచి ఏడుపు, ఆకలి ఏడుపు. ఎద్దులు గడ్డి నెమరేస్తున్నాయి.

బండి అంచున సొరబుర్రలో అంబలి, పైన మూసిన మోదుగాకు కదపకుండా, ఇంకా గోరువెచ్చగా ఉంది.