రబ్బరు చేపల పెట్టె

పెట్టె మూత తీయగానే, ఇంట్లో అందరూ పీత అని పిలిచే ఆ అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

లోపల ఎరలు లేవు. రంగురంగుల ముద్ద ఒకటి ఉంది. నిన్న సాయంత్రం నలభై రబ్బరు చేపల్ని, రబ్బరు రొయ్యల్ని తన చేత్తోనే అందులో సర్దింది. ఇప్పుడు ఏ తోక ఏ తలదో దేవుడికే తెలియాలి. వేలు పెడితే బంకలా సాగింది.

ఎంత బుద్ధితక్కువ పని! వాళ్లన్న పదేళ్లుగా ఆ ఎరల్ని ఏ సంచిలోవి ఆ సంచిలోనే ఉంచేవాడు. బాగా సాగే రకం రబ్బరు మామూలు రబ్బరుకి తగిలితే రాత్రికి రాత్రే రెండూ కరిగిపోతాయని అతనికి తెలుసు. చెల్లెలికి చెప్పలేదు. వాటిని కలిపేసేంత శుభ్రత ఇంట్లో ఎవరికైనా ఉంటుందని కలలో కూడా అనుకోలేదు పాపం. పీత గేలాల దుకాణంలో నాలుగేళ్లు పనిచేసిన మాట నిజమే కానీ, అక్కడ సంచి విప్పేది కొన్నవాళ్లే. ఈ చిరిగిన సంచులేంటి చిందరవందరగా అనుకుని, అన్నీ ఒకే పెట్టెలో గుమ్మరించి, రంగులవారీగా పేర్చి, మురిసిపోయి మరీ పడుకుంది.

అన్న మణికట్టు విరిగి ఇంట్లో కూర్చున్నాడు. పడవ నడిపేది వదిన. సరదాగా గేలం వేయడానికి వచ్చేవాళ్లని పగడాల దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి చేప పట్టించడం వాళ్ల పని. ఏ నీటికి ఏ ఎరో చూసి కట్టే మనిషి లేకపోతే పడవ రేవు దాటదు. పీతకి చిన్నప్పటి నుంచీ ఆ చోటు మీదే కన్ను. పొద్దున పడవ ఎక్కేటప్పుడు వదిన తేల్చి చెప్పేసింది. "ఇవాళ చేప పడితే మీ అన్నయ్య చోటు నీది. పడకపోతే రేపటి నుంచి బయటి మనిషిని పెట్టుకుంటా. ఆడపడుచువని మొహమాటపడను."

"ఏం కడుతున్నావ్?" చుక్కాని దగ్గర నుంచి వదిన కేకేసింది.

పీత మూత టపీమని మూసింది. "నీళ్లు ఇంకా పరిగెడుతున్నాయి కదా వదినా. జిగ్గు కడతా. రబ్బరువి తర్వాత."

మాట అంత నున్నగా ఎలా వచ్చిందో తనకే తెలియదు. అబద్ధమా అంటే అదీ కాదు. ప్రవాహం జోరుగా ఉంటే జిగ్గే వేయాలి, అంటే చేప ఆకారంలో పోసిన సీసపు ముక్క. నీళ్లు ఆగాక మెత్తటి రబ్బరు చేపని అడుగున మెల్లగా నడిపించాలి. కానీ నీళ్లు ఆగాక ఏం నడిపిస్తుంది, తన తలకాయా?

"అయితే దిబ్బ అంచునే లంగరు వేస్తా," అంది వదిన. "రబ్బరు చేపకి ఇంతకన్నా మంచి చోటు లేదు. నీళ్లు మరీ దిగిపోకముందే పట్టుకుని పోదాం."

ఆ రోజు వచ్చింది పళ్ల డాక్టరు. కూర్చున్నచోట కుదురు లేదు. "ఎంతసేపమ్మా? ఈపాటికి నేను నాలుగు పళ్లు పీకేసేవాణ్ణి," అన్నాడు.

పీత నూరు గ్రాముల జిగ్గు కట్టి ఇచ్చింది. అక్కడ లోతు ఏడు బారలు. అది రాయిలా దిగి పగడాల్లో ఇరుక్కుంది. లాగితే దారం తెగింది. ఇంకోటి కట్టింది. అదీ అంతే.

వదిన వెనక్కి తిరిగింది. "ఏంటే, పగడాలకి నగలు చేయిస్తున్నావా? నీళ్లు మందగించాయి, కనబడటం లేదూ? రబ్బరు చేప కట్టు!"

"ఇంకొక్కటి చూసి కడతా వదినా."

మూడోదీ పోయింది. ఈలోగా నీళ్లు దిగుతూనే ఉన్నాయి. ఇందాక కనిపించని దిబ్బ ఇప్పుడు పడవ వెనకే పచ్చగా పైకొస్తోంది, కొమ్మ కొమ్మా లెక్కపెట్టొచ్చు. వదిన దాన్నొకసారి, పీతనొకసారి చూసింది. రబ్బరు ఎర వేస్తే పది నిమిషాల పనే కదా అని లంగరు తీయకుండా పళ్లబిగువున ఆగింది. తన మాట నమ్మే ఆగిందని తెలిసి పీతకి ముచ్చెమటలు పట్టాయి. చెబితే చోటు పోతుంది. చెప్పకపోతే?

పడవ వెనక్కి జరిగి, అడుగున దిబ్బ తగిలి కర్‌ర్‌మని చప్పుడైంది.

"వదినా, రబ్బరు చేపలు లేవు!" పీత అరిచింది. "అన్నీ కలిపి పెట్టాను, కరిగి ముద్దయిపోయాయి. పొద్దుటి నుంచీ లేవు. పోదాం, ఇక్కణ్ణించి పోదాం పద!"

వదిన ఇంజను తిప్పింది. పీత అరచేతులు ఒరుసుకుపోయేలా లంగరు తాడు లాగింది. డాక్టరు కూడా గేలం పక్కన పడేసి తాడు పట్టుకున్నాడు. పడవ రాసుకుంటూ రాసుకుంటూ లోతులోకి జారింది. వదిన అడుగు పలక ఎత్తి, లోపలికి నీళ్లు వస్తున్నాయేమోనని తడిమి చూసింది. పొడిగానే ఉంది. అప్పుడొచ్చి పెట్టె తెరిచింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! మీ అన్న పదేళ్లు దాచుకున్నదంతా ఒక్క రాత్రిలో లేహ్యం చేశావు కదే!"

పీత తల దించుకునే చెప్పింది. "నలభై గ్రాముల జిగ్గు ఒక్కటుంది వదినా. నీళ్లు ఆగాయి కాబట్టి దిబ్బకి అవతల వైపు, లోతులో కూడా దిగుతుంది. లంగరు వద్దు, పడవని అలా వదిలేద్దాం. కింద ఉన్న కొక్కేల గుత్తి పీకేస్తా. పైన ఒక్క కొక్కెం చాలు, పగడాలకి తగులుకోదు."

"ఇదైనా నిజమేనా?"

"నిజమే వదినా."

వదిన పడవ తిప్పింది.

అవతల పన్నెండు బారల లోతు. జిగ్గు ఎండుటాకులా ఊగుతూ దిగింది. "అడుగు తగిలిందా? వెంటనే ఎత్తండి. వదలండి. మళ్లీ ఎత్తండి," అంటూ పీత డాక్టరు మోచేతి పక్కనే నిలబడింది. రెండుసార్లు ఉత్తదే. మూడోసారి గేలపు కర్ర వంగి పడవ అంచుకి కొట్టుకుంది.

"సందులో దూరనివ్వకండి డాక్టరు గారూ! దూరితే ఇక రాదు. పన్ను పీకినట్టు పీకండి!"

డాక్టరు పీకాడు. ముఖం కందగడ్డయిపోయింది. నీళ్లలో మచ్చల వీపు కనిపించగానే పీత వల కింద పెట్టి రెండు చేతులా ఎత్తింది. గ్రూపర్ చేప, చంటిపిల్లంత బరువుంది. పీతకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రేవులో డాక్టరు ఫొటోలు దిగి, చేపని మోసుకుంటూ వెళ్లిపోయాడు. పీత పడవ కడుగుతున్నదన్న మాటే కానీ కళ్లన్నీ వదిన ముఖం మీదే ఉన్నాయి.

"మాటంటే మాటే," అంది వదిన తాడు చుడుతూ. "చేప పడితే నీదన్నాను. పడింది. రేపు ఐదింటికి వచ్చెయ్."

పీత ఎగిరి గంతేయబోయింది.

"ఆగు, విను. రేపు ఎర ఉందా అని అడుగుతా. ఉందని చెప్పకు. పెట్టె తెచ్చి మూత తీసి చూపించు. కొక్కెం అడిగినా అంతే, దారం అడిగినా అంతే." వదిన గొంతులో కోపం లేదు. పీతకి భరించరానిది అదే అయింది. "నిన్నటిదాకా నాకు నీ నోటిమాట చాలేది."