రెండు ప్లయర్లలో చవకది

అల్లుడికి ప్రపంచంలో రెండంటే భయం: నీళ్లు, మామగారు. ఆ రెండూ ఒకేచోట ఎదురయ్యే రోజు వస్తుందని ముందే తెలిసుంటే ఆ సంబంధం గురించి ఇంకోసారి ఆలోచించేవాడేమో.

అతను కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. అద్దాలు ఫ్రేములో బిగించడం, వంకరపోయిన కాళ్లు సరిచేయడం, ఊడిన మరలు తిప్పడం అతని పని. గట్టిగా తుమ్మితే పక్కవాళ్లకు క్షమాపణ చెప్పుకునే రకం. మామగారు జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు దిగినా హారన్ గొంతులోనే ఉండిపోయింది. ఆయన ఇంట్లో దగ్గితే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. రిటైరయ్యాక ఓ పాత పడవా, దాని వెనక బిగించే చిన్న ఇంజనూ కొనుక్కుని, ఏరు సముద్రంలో కలిసేచోట గాలం వేసుకుంటూ కాలక్షేపం చేసేవాడు.

పెళ్లయి ఏడాది కావస్తున్నా ఆయన అల్లుణ్ని "అల్లుడుగారూ, మీరు" అనే పిలిచేవాడు. ఆ గౌరవం అల్లుడికి ఇరుకు చొక్కాలా ఉండేది. "మీరు" అన్నప్పుడల్లా ఇద్దరి మధ్యా ఓ బల్ల వేసి అవతల కూర్చోబెట్టినట్టనిపించేది.

అలాంటి మామగారు ఓసారి భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుంటూ, "ఆదివారం పడవలో మీరూ రండి" అన్నాడు. అడిగినట్టు లేదు, టికెట్టు చింపి చేతిలో పెట్టినట్టుంది.

"నాకు ఈత రాదు కదా," అన్నాడు అల్లుడు తర్వాత భార్యతో, గదిలో, గొంతు తగ్గించి.

"నాన్న ఈదమనలేదుగా, కూర్చోమన్నారు. మా అన్నయ్యని ఒక్కసారి కూడా పిలవలేదు తెలుసా? నువ్వంటే ఇష్టం కాబట్టి పిలిచారు."

"ఇష్టమైతే ఇంట్లోనే చూపించొచ్చుగా!"

ఆమె నవ్వేసింది. అతను నవ్వలేదు.

శనివారం మామగారు అతన్ని వెంటబెట్టుకుని రేవు పక్కన గాలాలమ్మే షాపుకి వెళ్లాడు. పాత ప్లయరు ఉప్పునీళ్లకి తుప్పుపట్టి బిగుసుకుపోయిందట. చేప నోట్లోంచి గాలం పీకాలన్నా, తీగ కత్తిరించాలన్నా అది లేకపోతే కుదరదు. షాపావిడ అద్దాల బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి నల్లరబ్బరు పిడులతో చవకది. రెండోది తుప్పుపట్టని లోహంతో చేసింది, పొడుగు ముక్కు, గట్టి కత్తెరపళ్లు, నీళ్లలో పడిపోకుండా నడుముకు కట్టుకునే తాడుతో సహా. దాని ఒక్కదాని ధరకు మొదటివి బుట్టెడు వస్తాయి.

మామగారు ఖరీదైనదాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. "చేప నోట్లోంచి గాలం పీకడానికి బంగారు పటకారెందుకమ్మా? చేప చూసి మెచ్చుకుంటుందా?"

షాపావిడ నవ్వింది. అల్లుడు అలవాటుకొద్దీ చవకదాన్ని చేతిలోకి తీసుకుని, మూసి, ట్యూబులైటుకి ఎత్తి చూశాడు. రెండు దవడల మధ్య వెంట్రుకంత వెలుగు కనిపించింది. మధ్యలో రెండు ముక్కల్నీ కలిపే రివిట్టు మీద బొటనవేలు ఆనిస్తే కొద్దిగా ఆడింది. ఇది వద్దు, రెండోది నేను కొనిపెడతాను అందామనుకున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మామయ్యగారూ, ఇది..."

"ఏంటండీ?"

ఆ గొంతుకి షాపులో వేలాడే వలలు కూడా ఊగినట్టనిపించింది.

"ఏం లేదండీ. బరువెంతుందోనని."

చవకదే కొన్నారు.

ఆదివారం పొద్దున ఏరు గాజులా ఉంది. మామగారు అతనికి ఓ నారింజరంగు లైఫ్‌జాకెట్ తొడిగి, తానే పట్టీలు బిగించాడు. ఆయనకి జాకెట్ లేదు. "నాకెందుకండీ, నేను నీళ్లలో పుట్టినవాణ్ని" అన్నాడు. పడవ రేవు వదిలాక అల్లుడు రెండు చేతులా పక్కచెక్క పట్టుకుని, దూరంగా కనిపించే ఒక గోడ మీద చూపు నిలిపి కూర్చున్నాడు. కింద ఎంత లోతుంటుందో ఆలోచించకూడదనుకున్న కొద్దీ అదే ఆలోచన వచ్చింది.

సముద్రంలో కలిసేచోట అలలకి అడ్డంగా పెద్ద పెద్ద బండరాళ్లు పోసి కట్టిన గట్టొకటుంది. దానికి చాలా ఇవతలే మామగారు ఇంజను ఆపేసి, గాలం విసిరాడు. చేపబొమ్మలా ఉండే ఎర, దాని పొట్టకింద మూడు కొక్కేలు కలిసిన గాలం. కాసేపటికే గాలం కర్ర విల్లులా వంగింది. మామగారి ముఖం వెలిగిపోయింది. "పట్టిందండీ! చూశారా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. అల్లుడు కూడా ఓ క్షణం భయం మర్చిపోయాడు.

మోచేయంత చేప. పడవలోకి లాగి, ఆయన కుడిచేత్తో దాని దవడ పట్టుకోబోయాడు. అది ఒక్కసారి ఎగిరి కొట్టుకుంది.

మామగారు అరవలేదు. "అమ్మా" అన్నాడంతే, చాలా మెల్లగా. అల్లుడికి ముందు అర్థం కాలేదు. తర్వాత చూశాడు. గాలం కొక్కేల్లో ఒకటి చేప దవడలో ఉంది, ఇంకోటి మామగారి బొటనవేలి కింద కండలోకి దిగిపోయింది. చేప తన్నుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి దానితోపాటు ఎగురుతోంది. కొక్కెం కొనకి వెనక్కి తిరిగిన ముల్లుంటుంది, లాగితే రాదు, ఇంకా లోపల చీరుకుంటుంది.

"ప్లయరు," అన్నాడు మామగారు. "కొక్కేన్ని కత్తిరించండి. తొందరగా."

అల్లుడు పడవ అడుగున పాకి ప్లయరు అందుకున్నాడు. కొక్కెం కాడని దాని పళ్ల మధ్య పెట్టి బలమంతా పెట్టి నొక్కాడు. టిక్ మంది. చూస్తే కొక్కేనికి గీతైనా పడలేదు, ప్లయరు పంటికి సొట్ట పడింది. మళ్లీ నొక్కాడు. చేప జిగురుకీ రక్తానికీ జారి, ప్లయరు దవడ వెళ్లి మామగారి గాయానికే తగిలింది. ఆయన పళ్లు కొరుక్కున్నాడు. మూడోసారి రివిట్టు వదిలేసి, ప్లయరు రెండు ముక్కలైంది. ఒక ముక్క పడవ అంచుకి తగిలి నీళ్లలోకి జారింది. అది మునిగిన చప్పుడు కూడా వినిపించలేదు, ఎందుకంటే అప్పటికే ఇంకో చప్పుడు వినిపిస్తోంది.

అల్లుడు తలెత్తాడు. అంత దూరంలో ఉన్న రాళ్లగట్టు దగ్గరికొచ్చేసింది. గాలీ ప్రవాహమూ కలిసి పడవని ఇంతసేపూ అటే తోస్తున్నాయి. అలలు బండల మీద పగిలి తెల్లగా లేస్తున్నాయి. ఆ బండల సందుల్లోకి నీళ్లు పీల్చుకుపోతున్న చప్పుడు అతని పొట్టలోంచి వస్తున్నట్టుంది.

మామగారి ముఖం పాలిపోయింది. పెదాల మీద చెమట. "కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు. ఆయన ఒక పక్కకి ఒరుగుతున్నాడు, అంచువైపు. జాకెట్ లేని మనిషి.

అల్లుడికి ఏడుపొచ్చింది. పారిపోదామంటే చుట్టూ నీళ్లే. ఆయన చొక్కా కాలరు పట్టుకుని పడవ అడుక్కి లాగేసి, వీపుకి సీటు చెక్క ఆనించాడు. మామగారి మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

"కత్తుందా?"

"ఎర డబ్బాలో."

చిన్న కత్తి. చేప మీద తడిగోనె కప్పి, మోకాలితో అదిమిపెట్టాడు. కొక్కెం తెగకపోతే చేప దవడే తెగాలి. వేళ్లు ఎంత వణుకుతున్నాయంటే కత్తి చేపకి తగులుతుందో మామగారి మణికట్టుకి తగులుతుందో అతనికే తెలియదు. ఊపిరి బిగబట్టాడు. షాపులో సన్నమర తిప్పేటప్పుడు బిగబట్టినట్టే, కాని అక్కడెప్పుడూ ఇలా గుండె చెవుల్లో కొట్టుకోలేదు. కండ తెగింది, ఎముక దగ్గర ఆగింది, మళ్లీ తెగింది. చేప విడిపోయి అవతల పడింది. కొక్కెం మాత్రం మామగారి చేతిలోనే ఉండిపోయింది.

ఒక అల పడవని పక్కకి విసిరింది. రాళ్ల మీద పట్టిన నాచు కూడా కనిపిస్తోంది ఇప్పుడు.

"ఇంజను," అన్నాడు మామగారు కళ్లు మూసుకునే. "తాడు లాగు. నిలబడకు, పడిపోతావ్. మోకాళ్ల మీద కూర్చుని లాగు."

అల్లుడు లాగాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగాడు. మళ్లీ దగ్గింది.

"రావట్లేదు మామయ్యా! రావట్లేదు!"

"వస్తుంది. ముందు ఆ నల్ల బొడిపె బయటికి లాగు. ఆఁ, అదే. ఇప్పుడు లాగు. చెయ్యి ఆపకు, భుజంతో లాగు రా!"

భుజం ఊడొస్తుందేమో అన్నంతగా లాగాడు. ఇంజను ఒక్కసారిగా బొబ్బరించింది. నీలిపొగ ముఖాన కొట్టింది. పడవ ముక్కు రాళ్లవైపే ఉంది.

"ఇంజను పిడి నీవైపు తిప్పు! నీవైపు!"

తిప్పాడు. పడవ అడుగు ఏదో రాయికి గీసుకుని కీచుమంది. ఆ చప్పుడుకి అతనూ కేక పెట్టాడు, కాని పిడి మాత్రం వదల్లేదు. పడవ వణికి, మెల్లగా, ఎద్దు మొండికేసి కదిలినట్టు, ఏటివైపు తిరిగింది. రాళ్లు వెనకబడ్డాయి. చాలాసేపు అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అవి వెంటబడతాయేమో అనిపించింది.

రేవు నుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు సూదిమందిచ్చి, కొక్కెం కొనని చర్మంలోంచి పైకి తోసి, ముల్లు కత్తిరించి, మిగతాది వెనక్కి లాగేసింది. అంతా టీ చల్లారేంతలో అయిపోయింది. కట్టు కట్టాక మామగారు మంచం మీద వాలి, పైకప్పు వైపు చూశాడు.

"ఆ షాపులో నువ్వేదో అనబోయావు," అన్నాడు.

"రివిట్టు వదులుగా ఉంది మామయ్యా. చూశాను."

"మరి చెప్పలేదేం?"

"భయమేసింది."

"నేనంటేనా?"

అల్లుడు తల ఊపాడు. మామగారు నిట్టూర్చాడు.

"ఖరీదైనది కొనుంటే ఒక్క నొక్కుకి తెగేదేమో."

"ఏమో మామయ్యా. నా చేతులు అదిరిన అదురుకి ఏదైనా జారేదే," అన్నాడు అల్లుడు. ఓదార్చడానికి అనలేదు, నిజంగానే అతనికి తెలియదు.

అప్పుడు మొదలైంది అసలు వణుకు. నర్సు నీళ్ల గ్లాసిస్తే సగం చొక్కా మీదే ఒలికింది. కళ్లు మూస్తే రాళ్ల సందుల్లో నీళ్లు పీల్చుకుపోతున్న చప్పుడే. అతను గోడకి చేరబడి నేల మీద కూర్చుండిపోయాడు.

భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. కట్టుతో మంచం మీదున్న తండ్రినీ, నేల మీద సున్నంలా పాలిపోయిన భర్తనీ చూసి, ఎవరికి దెబ్బ తగిలిందో పోల్చుకోలేక గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది? ఏం చేశారు మీరిద్దరూ?"

అల్లుడు చెప్పడానికి నోరు తెరిచాడు. ఏడుపొచ్చేసింది. ఆమె గబగబా వచ్చి పక్కన కూర్చుని అతని తల భుజానికి హత్తుకుంది.

"వాణ్నేమీ అడగకమ్మా," అన్నాడు మామగారు మంచం మీంచి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా. "కాసేపు కూర్చోనీ."