గని దిబ్బల మీద ఆవాలు

ఆదివారం పొద్దున్నే హైమ వంటింట్లో ఆకుకూర బాగుచేస్తూంటే అత్తగారు లలితాంబ గుమ్మంలో నిలబడి, "ఏటి, ఇసక అలాగే వదిలేస్తావేటి? మూడు నీళ్ళు పొయ్యాల" అంది. పెళ్ళయిన నాటినుంచీ మూడు నీళ్ళే పోస్తోంది హైమ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా కోడలి చేతిలో పని కనబడితే ఆవిడ నోరు ఊరుకోదు. నేలల శాస్త్రంలో డాక్టరేటు చేసి, కలకత్తాలో పాడైన నేలల్ని బాగుచేయించే కంపెనీలో ఉద్యోగం చేస్తున్న మనిషికి ఇసక సంగతి ఒకరు చెప్పాలా? చెప్పాలి. ఈ ఇంట్లో చెప్తారు.

చెప్పేవాళ్ళకి ఆఫీసులోనూ కొదవ లేదు. పురూలియా అవతల ఎప్పుడో మూతపడ్డ గని ఒకటుంది. తవ్విపోసిన దిబ్బల నిండా సీసం. ఆ నేల పక్కనున్న సంతాల్ ఆదివాసీల పల్లెది, తాతముత్తాతల నాటిది. గనివాళ్ళు లాక్కున్నారు, విషం మిగిల్చి చక్కా పోయారు. దాన్ని బాగుచేస్తామని హైమ వాళ్ళు వెళ్తే ఊరి సభ ఒక్కటే షరతు పెట్టింది. విత్తనమైనా మొక్కైనా ముందు జాహేర్‌లో, అంటే తమ దేవతలుండే సాలచెట్ల తోపులో పెట్టాలి. ఊరంతా చూసి సరేనన్నాకే అది నేలలో పడాలి. సభ తరఫున పని చూసే ఆవిడ, పాన్‌ముని హాంస్దాతో హైమ ఎన్నిసార్లు కూర్చుందో! ఇద్దరూ వాదించుకుని, అలిగి, మళ్ళీ టీ తాగి తేల్చుకున్నది వట్టివేరు. లోతుగా వేళ్ళు దించి మట్టిని కదలనివ్వదు, పైగా దాన్ని ఎవరూ కూరొండుకోరు.

ఇంతలో ఆఫీసు పెద్ద అభిజిత్‌దాకి ఆవాలు తట్టాయి. ఆవమొక్క సీసాన్ని పీల్చుకుంటుంది, అది నిజమే. పైగా శీతాకాలానికి దిబ్బలన్నీ పసుప్పచ్చగా పూస్తాయి, డబ్బు పెట్టేవాళ్ళకి డ్రోన్ ఫోటోలు అదిరిపోతాయి. పీల్చిన సీసం ఆకులోకే కదా వచ్చేది, లేత ఆవాకు కనిపిస్తే కోసి శాక్ అని కూర వండని ఇల్లు ఈ బెంగాల్లో ఉందా, పిల్లలకి పెట్టరా అని మీటింగులో హైమ అడిగింది. అభిజిత్‌దా నవ్వేసి, ఇదేం రాన్నాఘర్ కాదు హైమా, వంటింటి మాటలు ఇక్కడెందుకు అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న మగాళ్ళంతా నవ్వారు. కంచె వేసి బోర్డు పెడితే సరి అన్నాడొకడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క కాడ తుంచని మొహాలు! ఆనక టీ ఎవరు తెప్పిస్తారా అని అందరూ ఆమె వైపే చూశారు, ఆమే తెప్పించింది కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇంటికొచ్చి చెప్పుకుంటే మొగుడు త్యాగరాజు, బ్యాంకు ఆఫీసరు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "జీతమిస్తున్నారు, చెప్పింది చెయ్యి. నీకెందుకా గొడవ" అన్నాడు. నీకెందుకు. ఫ్లాటు కొన్నప్పుడూ అదే మాట, ఆడపడుచు పెళ్ళికి ఈమె జీతం మీద అప్పు తీసుకున్నప్పుడూ అదే మాట. మరెవరికి? ఆ ఆకు కోసేది ఒక ఆడది, వండేది ఆడది, అన్నంలో కలిపి ముద్ద చేసి పిల్లాడి నోట్లో పెట్టేదీ ఆడదే. ఏ పాపం తెలియని తల్లి తన చేత్తో తనే బిడ్డకి విషం పెడుతుంటే, ఫోటో బావుందని వీళ్ళు చప్పట్లు కొడతారు. ఆ రోజు అన్నం సహించలేదు హైమకి.

శుక్రవారం ఆవాల బస్తాలు లారీకెక్కుతున్నాయని తెలిసింది. జాహేర్ ఊసే లేదు. హైమ ఆఫీసు మెట్ల మీద నిలబడి పాన్‌మునికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"లారీని ఊరి బయటే ఆపుతాం దీదీ. ఎవరు చెప్పారంటే మీ పేరు చెప్పాలా, వద్దా?"

"చెప్పండి" అంది హైమ.

శనివారం లారీ వెనక్కొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుని, అభిజిత్‌దా ఫోను కోసం హైమ రోజంతా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఫోను రాలేదు.

వచ్చింది ఇదిగో, ఈ ఆదివారం పొద్దున, త్యాగరాజుకి. ఆయన ఫోను పట్టుకునే వంటింట్లోకొచ్చాడు. ఆఫీసు విషయాలు బయటివాళ్ళకి చేరేసిందట, మీరైనా కాస్త చెప్పండని అభిజిత్ గారు ఎంతో మర్యాదగా అడిగారట. "రేపు అందరి ముందూ సారీ చెప్తుందని మాటిచ్చాను. ఆవాలే వేస్తారు. ఆ పల్లెవాళ్ళకి నువ్వే నచ్చజెప్పాలి."

"మగాడు మాటిచ్చేసాక ఇంకేటుంది, చెప్పీ తల్లీ" అంది లలితాంబ.

హైమ కత్తిపీట వాల్చి లేచింది. రెండు రోజులుగా ఈమె వణికింది ఎవరికి? ఆమెతో మాట్లాడే దమ్ము కూడా లేని మనిషికి. బడిలో అల్లరి చేసిన పిల్ల మీద తండ్రికి చాడీ చెప్పినట్టు, నలభై దాటిన ఆడదాని మీద మొగుడికి చెప్పాడు. ఈయన పొంగిపోయి మాటిచ్చాడు. ఇంతేనా వీళ్ళు! భయం ఎటు పోయిందో పోయింది, కోపం మాత్రం చల్లగా, నిలకడగా మిగిలింది.

"బయటివాళ్ళకి నేనేం చేరెయ్యలేదు. నేల వాళ్ళది, బయటివాళ్ళం మనం" అంది చేతులు కడుక్కుంటూ. రేపు పొద్దున హౌరాలో బండెక్కుతున్నానని, వట్టివేరు పిలకలు జాహేర్‌కి తీసుకెళ్తానని, ఉద్యోగం తీసేస్తే ఊరి సభ తరఫునే పని చేస్తానని చెప్పింది. ఎప్పుడొస్తావని అడగడం కూడా తోచలేదు త్యాగరాజుకి.

"మరి నేనిచ్చిన మాట?" అన్నాడు.

"ఇచ్చింది మీరు కదండీ. వెళ్ళి ఆ సారీ మీరే చెప్పండి."