నేను గంగవాయిల కూరను కాను

నేను ఒక జేడ్ మొక్కను. ఎర్రటి కాడలు, చొక్కా గుండీలంత దళసరి ఆకులు, ఆకుల నిండా నీళ్లు. పువ్వుల సంగతి అడక్కండి. వాసన కూడా లేదు. మా వంశం ఆఫ్రికాది. అక్కడ మమ్మల్ని ఏనుగులు తింటాయట. నేనెప్పుడూ ఏనుగును చూడలేదు. నేను పుట్టింది కడియం నర్సరీలో.

పుట్టడం అంటే మా వాళ్లలో కొయ్యడమే. నర్సరీలో పనిచేసే ఒకావిడ మా అమ్మ కొమ్మను జానెడు కత్తిరించి, కింది ఆకులు దూసి, నీడలో గోనెపట్టా మీద పడేసింది. కొత్తగా పనిలో చేరిన మనిషి నన్ను వెంటనే మట్టిలో గుచ్చబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగవే! పచ్చి గాటుతో గుచ్చేస్తే కుళ్ళిపోద్ది. నాలుగు రోజులు ఆరనీ."

నాలుగు రోజులు ఆరాను. ఐదోనాడు ఇసుక కలిపిన మట్టిలో, నల్ల కవరులో నిలబెట్టారు. వేళ్లు పట్టాక లారీ ఎక్కించారు. లారీలో మామిడి అంట్లు దారిపొడవునా వాడిపోయి గొడవ చేశాయి. నేను నా ఆకుల్లో నీళ్లే తాగుతూ ఊరుకున్నాను. మా జాతికి ఉన్న తెలివి ఇదొక్కటే.

నన్ను కొన్నది ఇందుమతి మేడం. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, అందులో ఒక ప్రభుత్వ కార్యాలయం, ఆ కార్యాలయంలో ఆవిడ సూపరింటెండెంటు. నన్ను నీలిరంగు కుండీలోకి మార్చి తన బల్ల మీద పెట్టుకుంది. కిటికీ ఆరడుగుల దూరంలో ఉంది.

ఆ కార్యాలయంలో అందరూ దయగలవాళ్లు. సీసాలో మిగిలిన నీళ్లు పారబోయాలంటే లేచి బయటికి వెళ్లాలి. నాకు పోయాలంటే లేవనక్కర్లేదు. అందుకని రోజుకు అయిదారుగురు దయ చూపించేవారు. వేళ్లు నానిపోయి నా కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాక మేడం ఒక చీటీ రాసి కుండీకి అంటించింది: "ఈ మొక్కకు ఎవరూ నీళ్లు పోయరాదు." ఆ మర్నాటి నుంచి టీ పోయడం మొదలైంది. ఇదేమిటని మేడం అటెండరు సత్తయ్యను నిలదీసింది.

"చీటీల నీళ్లు అనే రాసిన్రు గద మేడం," అన్నాడు సత్తయ్య.

అక్కడ పదకొండేళ్లున్నాను. వెలుతురు కోసం కిటికీ వైపు మెడ చాచి చాచి రెండడుగులయ్యాను. పెరిగాను అనుకునేవారు. నిజానికి సాగాను. మేడం మాత్రం నా పొడవు చూసి మురిసిపోయేది. నా మీద ఎన్నడూ కత్తెర పెట్టలేదు.

తొమ్మిదో ఏట ప్రవళిక వచ్చింది. కొత్త జూనియర్ అసిస్టెంటు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. మొదటిరోజు ఎవరో ఒక ఫైలిచ్చి "పుటప్ చెయ్యమ్మా" అంటే, స్టూలు తెచ్చుకుని ఎక్కి దాన్ని బీరువా పైన పెట్టింది. గదంతా నవ్వింది. ఇందుమతి మేడం నవ్వలేదు. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని, ఫైలు మీద నోటు ఎలా రాయాలో, పై అధికారి ముందుకు ఎలా పంపాలో మూడు రోజులు నేర్పింది. ఆ మూడు రోజులను ప్రవళిక మరచిపోలేదు.

రెండేళ్ల తర్వాత మేడం మోకాళ్ల ఆపరేషన్‌కు మూడు నెలలు సెలవు పెట్టింది. వెళ్లేముందు నన్ను ప్రవళిక చేతిలో పెట్టింది.

"ఇంటికి తీస్కపోతే మా సారు నీళ్లు పోసి చంపుతడు. ఈడ వదిలిపెడితే వీళ్లు టీ పోసి చంపుతరు. నువ్వైతే చెప్పింది చేస్తవు."

"ఎట్లున్నది అట్లనే అప్పజెప్త మేడం," అంది ప్రవళిక. ఆ పిల్ల నోట్లో అది ఊరికే అనే మాట కాదు. సంతకం పెట్టినంత పని.

మేడం ఒక కాగితం కూడా ఇచ్చింది. ఆకులు ముడత పడితేనే నీళ్లు పోయాలి. కుండీ అడుగున బెజ్జం మూసుకుపోకూడదు. రోజూ కొంచెం ఎండ చూపించాలి.

ప్రవళిక అద్దె గది మూడో అంతస్తులో, డాబా మీద ఉంది. రోజూ పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు నన్ను రెండు చేతులా ఎత్తుకుని గడపలో నిలబడి, అయిదు నిమిషాలు ఎండను చూపించి మళ్లీ లోపల పెట్టేది. నేనూ ఎండను దూరం నుంచే చూసేదాన్ని. నా పొడవు ఎంతో గోడ మీద పెన్సిలుతో గీత గీసి పెట్టుకుంది. రాలిన ఆకులు పారేయకుండా తేదీ వేసి ఒక కవరులో దాచింది. అప్పజెప్పేటప్పుడు అవి కూడా ఇవ్వాలి కదా.

నెల తిరక్కుండా ఆమె తల్లి కొమురవ్వ ఊరినుంచి బస్సులో వచ్చింది. కంట్లో పొర తీయించుకోవాలి. ఆపరేషన్‌కు ఇంకా రెండు వారాలుంది. పుట్టిందగ్గర నుంచీ చేలల్లో కలుపు తీసిన మనిషి. కూతురు నన్ను ఎత్తుకుని గడపలో నిలబడటం గమనించింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఎండ సూపిస్తున్న."

"సూపిచ్చుడేంది? పెండ్లిసూపులా? తీస్కపోయి బయట కూసోబెట్టు."

"కాయితంల గిట్లనే ఉన్నదమ్మా. ఆఫీసు పని, నీకు తెల్వదు."

నేను మేడం మొక్కనని కూతురు తల్లికి చెప్పలేదు. ఆఫీసు సంగతులు అమ్మకు అర్థం కావని ఆమె నమ్మకం.

కూతురు ఆఫీసుకు వెళ్లగానే కొమురవ్వ నన్ను డాబా మీదికి తెచ్చింది. మొదటిరోజు ఆరేసిన చీర నీడలో ఉంచింది. రెండోరోజు సగం నీడ, సగం ఎండ. వారం గడిచేసరికి పొద్దంతా ఎండలోనే. లోపలి నుంచి తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెడితే నా ఆకులు కమిలిపోయేవి. అది ఏ కాగితంలోనూ రాసి లేదు. ఆమెకు తెలుసు, అంతే. సాయంత్రం మళ్లీ లోపల పెట్టేసేది. నా ఆకుల అంచులు ఎరుపెక్కాయి. కాడలు గట్టిపడ్డాయి. పదకొండేళ్ల తర్వాత నేను మొక్కనని నాకే గుర్తొచ్చింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. కొమురవ్వకు చూపు మసక, చేతులతోనే చూస్తుంది. ఒక పొద్దున నా ఆకు తడిమింది. దళసరిగా ఉంది. కాడ తడిమింది. నున్నగా ఉంది. ఆకు తెంపి నోట్లో వేసుకుంది. పుల్లగా ఉంది.

"గంగవాయిల కూర!" అంది సంతోషంగా. "కూర పెంచుకున్నదిగని కోసుకోను తీరిక లేదు నా బిడ్డకు."

గంగవాయిల కూరంటే చేలల్లో నేలబారున పాకే ఆకుకూర. దానికీ నాకూ దూరపు చుట్టరికం ఉన్నమాట నిజమే. కానీ అది నేను కాదు. మధ్యాహ్నం వంట వేళకు ఆమె కత్తి తెచ్చి నన్ను జానెడు మోడు మిగిల్చి కోసేసింది. నా ఆకు పొద్దున పుల్లగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ పులుపు తగ్గుతుంది. మధ్యాహ్నం కొయ్యకూడదు. అడిగితే చెప్పేదాన్ని. పులుపు చాలక ఆమె పప్పులో చింతపండు వేసింది.

సాయంత్రం ప్రవళిక వచ్చి కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుంది.

"అమ్మా, గంగవాయిల కూర యాడ దొరికింది? మస్తున్నది."

"యాడనేంది? నీ కుండీలదే. ముదురుతున్నదని కోసిన."

ప్రవళిక చెయ్యి కంచంలోనే ఆగింది. తల తిప్పి గోడ మీద పెన్సిలు గీతను చూసింది. గీత ఉన్నచోటనే ఉంది. దాని కింద చాలా దూరంలో నేనున్నాను.

"అది కూర కాదే అమ్మా!"

"కూర గాకుంటే రెండు ముద్దలెట్ల తిన్నవ్?"

"మా మేడంది. ఎట్లున్నది అట్లనే ఇస్తనని చెప్పిన. నాకు పని నేర్పింది ఆమెనే. నన్ను నమ్మి ఇచ్చింది."

"చెంబా, ముంతనా, ఎట్లున్నది అట్లనే ఉండనీకి? చెట్టు బిడ్డా." అనైతే అంది గానీ, కొమురవ్వ ఆ పప్పు తినలేదు. పచ్చడితో ముగించి లేచింది.

కోసిన లావు కాడలను డాబా మీద, గోడ నీడలో ఒక పక్కకు జరిపి పెట్టింది. వాటిలో రెండు మూడింటికి కొసన ఆకులు మిగిలాయి, ఎక్కడైనా గుచ్చుదామని ఆమె ఆలోచన. ఇంతలో కంటి ఆపరేషన్ వచ్చిపడింది. తిరిగొచ్చి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఇంటి ఓనరు వదిలేసిన ఇసుక, మట్టి కలిపి, పాత రంగు డబ్బాకు అడుగున మేకుతో బెజ్జం కొట్టి, వాటిని గుచ్చేసరికి నాలుగు రోజులైంది. మనుషుల ఆలస్యాల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

ఈలోగా ఒక ఆదివారం ప్రవళిక నా పాత ఫొటో పట్టుకుని నర్సరీకి వెళ్లింది. అక్కడ జరిగింది ఆమె తల్లికి చెప్తుంటే విన్నాను. నర్సరీవాడు అచ్చం నాలాంటిదాన్నే తీసి చూపించాడట, అదే పొడవు, అదే వంకర.

"కుండీ మార్చి పెట్టుండ్రి మేడం. ఎవరు గుర్తువడ్తరు?" అన్నాడట.

దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడిందట.

"మరి తేలేదేంది?" అంది తల్లి.

"అది వేరే మొక్క గదమ్మా."

నర్సరీ నుంచి వచ్చిన రోజే ప్రవళిక కాగితం ముందు కూర్చుంది. ఎవరూ అడగని వివరణ అది. పైన 'విషయము' అని రాసి, కింద గీత కొట్టి, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసింది. ఎండ చూపించిన సంగతి, పప్పు సంగతి, నర్సరీ సంగతి.

మేడం తిరిగి చేరిన రోజున మేము ఆటోలో కార్యాలయానికి వెళ్లాం. నేను ప్రవళిక ఒడిలో, రంగు డబ్బా కొమురవ్వ ఒడిలో. అప్పటికి నా మోడు చుట్టూ ఎర్రటి చిగుళ్లు దట్టంగా వచ్చాయి. డబ్బాలో కాడలు కూడా వేళ్లు పట్టాయి. అయినా రెండడుగుల మొక్కను ఇచ్చిన మనిషికి జానెడు మోడు కనిపించింది. మేడం చేతికర్ర బల్లకు ఆనించి, నన్ను కోసిన చోట వేలు పెట్టి తడిమింది.

"పదకొండేండ్లు," అంది. అంతే అంది.

"నేనే కోసిన మేడం, పిల్లనేమనకుండ్రి," అంది కొమురవ్వ గుమ్మంలోనే నిలబడి. "కూరనుకున్న."

ప్రవళిక వివరణ బల్ల మీద పెట్టింది. మేడం కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. ఒకచోట ఆగింది.

"నర్సరీల ఇంకోటి చేతిల పట్టుకున్ననని రాసినవ్. ఇది రాయకపోతే నాకు తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె మేడం."

"మరెందుకు రాసినవ్?"

ప్రవళిక తల వంచుకుంది. "ఎట్లున్నది అట్లనే అప్పజెప్తనన్న గద మేడం. మొక్కను ఇయ్యలేకపోయిన. అందుకే సంగతన్న ఇద్దామని..."

సత్తయ్య టీ గ్లాసుతో నా వైపు రాబోయి వెనక్కి తగ్గాడు. మేడం ఆ కాగితాలను ఏ ఫైల్లోనూ పెట్టలేదు. మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. ఆ తర్వాత కొమురవ్వ వైపు తిరిగింది.

"లోపటికి రామ్మా. కూసో. పప్పు ఎట్లుండె?"

"జర పులుపు తక్కువైంది మేడం. చింతపండు ఏసిన."

"యాడాదికోసారి కోస్తుండమని ఇచ్చేటప్పుడే నర్సరీవాడు చెప్పిండు," అంది మేడం. "నాకే చేతులు రాలె."

ఇప్పుడు నేను కార్యాలయం మెట్ల మీద, పొద్దంతా ఎండలో ఉన్నాను. పొట్టిగా, గుబురుగా ఉన్నాను. రంగు డబ్బాను మేడం ప్రవళికకే ఇచ్చేసింది, అది ఆమె డాబా మీద ఉంది. దాని పొడవుకు ఆమె గోడ మీద గీత గీయలేదు. మొదట్లో "నేను ఒక జేడ్ మొక్కను" అన్నాను. ఆ 'ఒక' దగ్గర ఈమధ్య నాకు కొంచెం అనుమానంగా ఉంది.

ఆఫ్రికాలో ఏనుగులు మమ్మల్ని పైనుంచి తింటాయట. నమిలినంత నమిలి, విరిగిన కొమ్మలు కింద పడేసి పోతాయట. పడినవి పడినచోట వేళ్లు పడతాయట. మా వంశం అలాగే నిలబడిందట. నాకూ ఒక ఏనుగు వచ్చింది. కాకపోతే బస్సులో వచ్చింది, కంట్లో పొరతో.